గ్రామర్ యాప్‌లో ‘మస్ట్ నాట్, డోంట్ హ్యావ్ టు’ యూనిట్: వీడియోలు ఓకే, టెస్టులే తలనొప్పి

ముందే చెప్పేస్తున్నా, ఇది యాప్ మొత్తానికి రివ్యూ కాదు. ఇంగ్లిష్ గ్రామర్ నేర్పే యాప్ ఒకటి మా తమ్ముడి కోసం తీసుకున్నాం, వాడు ఇంటర్వ్యూలకి ప్రిపేర్ అవుతున్నాడు, పక్కన కూర్చుని నేనూ చూశాను. అందులో మోడల్ వెర్బ్స్ (మస్ట్, షుడ్ లాంటి సహాయక క్రియలు) కింద, ‘చెయ్యాలి’ అని చెప్పే మాటలకి నెగెటివ్‌లు ఎలా వాడాలో నేర్పే యూనిట్ ఒకటుంది. మస్ట్ నాట్, డోంట్ హ్యావ్ టు, నీడ్ నాట్, షుడ్ నాట్, ఇవన్నీ. ఆ ఒక్క యూనిట్ గురించే రాస్తున్నా. ఆర్టికల్ తప్పు పడినా, ప్రిపోజిషన్ తప్పు పడినా ఎదుటివాళ్లకి విషయం అర్థమైపోతుంది, ఇక్కడ తప్పు పడితే మాత్రం మనం చెప్పిందానికి సరిగ్గా ఉల్టా అర్థం వెళ్తుంది. నా తీర్పు ఏంటంటే, వీడియోలు బాగున్నాయి, టేబుల్ బాగా లేదు, టెస్టులకి ఒళ్లు మండింది. అయిదుకి మూడు స్టార్లు.

యూనిట్ తెరవగానే ఒక టేబుల్ కనిపిస్తుంది. ఎడమ వైపు పాజిటివ్, కుడి వైపు నెగెటివ్. మస్ట్ పక్కన మస్ట్ నాట్, హ్యావ్ టు పక్కన డోంట్ హ్యావ్ టు, నీడ్ టు పక్కన డోంట్ నీడ్ టు, షుడ్ పక్కన షుడ్ నాట్. చూడ్డానికి నీట్‌గా ఉంది, స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలనిపిస్తుంది. గొడవంతా అక్కడే మొదలు. ‘యూ మస్ట్ కమ్ టుమారో’ అన్నా, ‘యూ హ్యావ్ టు కమ్ టుమారో’ అన్నా రేపు నువ్వు రావాలి అనే కదా. ఎడమ వైపు రెండూ దాదాపు ఒకటే అని చదివినవాడు కుడి వైపు కూడా రెండూ ఒకటే అనుకోడా? మా వాడు అనుకున్నాడు. వాణ్ణి తప్పు పట్టలేను, ఆ టేబుల్ గీసిన పద్ధతే అలా అనుకోమంటోంది. నిజానికి ‘యూ మస్ట్ నాట్ కమ్’ అంటే రాకూడదు, ఆర్డర్. ‘యూ డోంట్ హ్యావ్ టు కమ్’ అంటే రానక్కర్లేదు, వస్తే రా, మానేస్తే మానెయ్, నీ ఇష్టం. ఈ ముఖ్యమైన ముక్క టేబుల్ అడుగున చిన్న స్టార్ గుర్తు పెట్టి, ఫోన్‌లో జూమ్ చేస్తే తప్ప కనపడని అక్షరాల్లో రాశారు. అది పైన, పెద్దగా ఉండాల్సిన విషయం.

ఇది పుస్తకాల్లో పట్టుకుని వేలాడే తేడా కాదు అని చెప్పడానికి ఒక్క ఉదాహరణ. మా టీమ్‌లో ఒకాయన కొత్తగా చేరినవాళ్లకి మెయిల్ పెట్టాడు, ‘న్యూ జాయినర్స్ మస్ట్ నాట్ అటెండ్ దిస్ సెషన్’ అని. ఆయన ఉద్దేశం, ఇందులో విషయాలు మీకు ట్రైనింగ్‌లో చెప్పేశాం కాబట్టి రావాలన్న రూలేం లేదు, వచ్చినా సంతోషమే అని. కొత్తవాళ్లు ఒక్కరూ రాలేదు. పైగా ఒకమ్మాయి, మమ్మల్ని ఎందుకు దూరం పెట్టారు అని హెచ్‌ఆర్‌ని అడిగింది. అక్కడ ‘నీడ్ నాట్ అటెండ్’ అనో ‘డోంట్ హ్యావ్ టు అటెండ్’ అనో రాసి ఉంటే ఏ గొడవా లేదు. ఆయన గ్రామర్ రానివాడేం కాదు, టెన్స్‌లు, ఆర్టికల్స్ అన్నీ కరెక్ట్‌గా రాస్తాడు.

ఇక బాగున్న భాగం. టేబుల్ తర్వాత వచ్చే రెండో వీడియోలో టీచర్ ఈ తేడా ఎందుకొచ్చిందో చాలా శుభ్రంగా చెప్పింది. నాట్ అనేది దేన్ని పట్టుకుంటోంది అన్నదే సంగతి. మస్ట్ నాట్ దగ్గర నాట్ వెళ్లి వెనకున్న పనిని పట్టుకుంటుంది, అంటే ‘రాకుండా ఉండటం’ తప్పనిసరి. డోంట్ హ్యావ్ టు దగ్గర నాట్ ఆ తప్పనిసరినే పట్టుకుంటుంది, అంటే రావడం ‘తప్పనిసరి కాదు’. ఇదొక్కటి బుర్రకెక్కితే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. షుడ్ నాట్‌లో కూడా నాట్ పనినే పట్టుకుంటుంది కాబట్టి అది వద్దని సలహా ఇవ్వడం. ఆట్ నాట్ టు కూడా అంతే. నీడ్ నాట్ మాత్రం డోంట్ హ్యావ్ టు బ్యాచ్. చూడ్డానికి నీడ్ నాట్, మస్ట్ నాట్ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, రెండింట్లోనూ డూ రాదు, రెండింట్లోనూ టు రాదు, అర్థం దగ్గరికొచ్చేసరికి చెరో దారి. రూపం చూసి అర్థం ఊహించడానికి వీల్లేదు అని ఆవిడ నొక్కి చెప్పింది, ఆ వీడియోకి మాత్రం అయిదు స్టార్లు ఇచ్చేస్తా.

కానీ ఒక బంగారం లాంటి అవకాశం వదిలేశారు. తెలుగువాళ్లకి ఈ తేడా కొత్తగా నేర్పక్కర్లేదు. ‘రావాలి’ అనే మాటకి తెలుగులో నేరుగా నెగెటివ్ లేదు, కాదనాలంటే రాకూడదో, రానక్కర్లేదో, రావద్దో ముందే తేల్చుకుని మాట్లాడాలి, మూడేళ్ల పిల్లలు కూడా ఇందులో తప్పు పోరు. కాబట్టి ఇంగ్లిష్ వాక్యం రాసేముందు మనసులో ‘కూడదు’ వచ్చిందా, ‘అక్కర్లేదు’ వచ్చిందా చూసుకుంటే చాలు, కూడదు అయితే మస్ట్ నాట్, అక్కర్లేదు అయితే డోంట్ హ్యావ్ టు లేదా నీడ్ నాట్. జర్మన్ మాట్లాడేవాళ్లకి ఈ సుఖం లేదు, వాళ్ల ముస్సెన్ వినడానికి మస్ట్‌లాగే ఉంటుంది కానీ దానికి నెగెటివ్ పెడితే వచ్చే అర్థం ‘అక్కర్లేదు’, అందుకే వాళ్లు ఇంగ్లిష్‌లో మస్ట్ నాట్ దగ్గర తరచూ బోల్తా పడతారు. ఈ కోర్సు అన్ని భాషలవాళ్లకీ కలిపి ఒకటే తయారుచేసి తెలుగు సబ్‌టైటిల్స్ తగిలించినట్టుంది. ఆ సబ్‌టైటిల్స్‌లో మస్ట్ నాట్‌కి ఒకచోట ‘మీరు తప్పక రాకూడదు’ అని వేశారు. తప్పక రాకూడదు! చదివి ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. ఇంగ్లిష్ ఆడియో ఫాలో అవగలిగితే సబ్‌టైటిల్స్ ఆపేసి చూడండి.

నీడ్ మీద పెట్టిన వీడియో ఈ యూనిట్ మొత్తంలో బెస్ట్. నీడ్‌కి రెండు అవతారాలు. మామూలు క్రియలా వాడితే ‘హీ డజంట్ నీడ్ టు కమ్’, మోడల్‌లా వాడితే ‘హీ నీడ్ నాట్ కమ్’. ఈ రెండోదాంట్లో నీడ్‌కి ఎస్ రాదు, వెనక టు రాదు. చాలామంది రెండూ కలిపేసి ‘నీడ్ నాట్ టు కమ్’ అని రాస్తారు, ఆఫీసు మెయిల్స్‌లో ఇది ఎంత కనిపిస్తుందో చెప్పక్కర్లేదు. ఇంకోటి, మోడల్ నీడ్ ప్రశ్నల్లోనూ నెగెటివ్‌లోనూ తప్ప మామూలు వాక్యంలో రాదు, ‘హీ నీడ్ కమ్’ అనరు. అమెరికన్లు మాటల్లో నీడ్ నాట్ దాదాపుగా వాడరు, వాళ్లది డోంట్ హ్యావ్ టు లేదా డోంట్ నీడ్ టు. బ్రిటిష్ వాడుకలో, కాస్త ఫార్మల్ రాతల్లో ఇంకా బతికే ఉంది. ‘మస్ట్ ఐ ఫిల్ దిస్ ఫామ్?’ అని అడిగితే అక్కర్లేదని చెప్పడానికి ‘నో, యూ నీడెంట్’ (నీడ్ నాట్‌నే కుదించి) అనాలి, ‘నో, యూ మసెంట్’ (మస్ట్ నాట్‌ని కుదించి) అంటే నింపకూడదు అని అర్థం వచ్చేస్తుంది. ప్రశ్నలో మస్ట్ ఉంది కదా అని జవాబులో కూడా మస్ట్ లాగేస్తే దెబ్బతింటాం. ఇది స్కూల్లో నాకెవరూ చెప్పలేదు.

అదే వీడియోలో నీడెంట్ హ్యావ్ కూడా ఉంది. ‘యూ నీడెంట్ హ్యావ్ ప్రింటెడ్ ఇట్’ అంటే ప్రింట్ తీశావు, కానీ అనవసరంగా తీశావు. కాగితం అప్పటికే ఖర్చయిపోయింది. ‘యూ డిడెంట్ నీడ్ టు ప్రింట్ ఇట్’ అంటే అవసరం లేకపోయింది అని మాత్రమే, తీశావా లేదా అన్నది వాక్యంలో లేదు, ముందు వెనకల్ని బట్టి తెలుసుకోవాలి. పాత పద్ధతిలో నేర్పేవాళ్లు రెండోదానికి ‘తియ్యలేదు’ అనే అర్థం గట్టిగా కట్టేస్తారు, ఈ టీచర్ అలా కట్టెయ్యకుండా, జనం రెండు రకాలుగానూ వాడుతున్నారు అని నిజాయితీగా చెప్పింది. నాకు చాలా నచ్చింది.

పాస్ట్ టెన్స్ విషయంలో మాత్రం హడావుడిగా తేల్చేశారు. మస్ట్‌కి తనదంటూ పాస్ట్ రూపం లేదు. నిన్న వెళ్లాల్సొచ్చింది అనాలంటే హ్యాడ్ టు, వెళ్లనక్కర్లేకపోయింది అనాలంటే డిడెంట్ హ్యావ్ టు. ఇంతవరకు చెప్పారు. మరి నిన్న ‘వెళ్లకూడదు’ అని రూలు ఉండేది అనాలంటే ఏం వాడాలి? అది చెప్పలేదు. మసెంట్‌ని నిన్నటికి లాగలేం కదా, ‘వజ్ నాట్ అలౌడ్ టు గో’ అనో ‘కుడెంట్ గో’ అనో అనాలి. నేర్చుకునేవాడికి వచ్చే మొదటి డౌటే ఇది, ‘డిడెంట్ మస్ట్’ అని రాసేది ఈ ఖాళీలోనే. రేపటి సంగతి తేలిక, ‘వోంట్ హ్యావ్ టు’.

ఇంకో లోపం కొంచెం పెద్దది. మస్ట్ నాట్ అంటే ఎప్పుడూ నిషేధమే అని టేబుల్‌లో రాసేశారు. అది నిజం కాదు. అమెరికన్ ఇంగ్లిష్‌లో ‘షీ మస్ట్ నాట్ బీ హోమ్’ అంటే ఆవిడ ఇంట్లో లేనట్టుంది అని ఊహ, ఇంట్లో ఉండకూడదు అని ఎవరూ ఆంక్ష పెట్టడం లేదు. బ్రిటిష్‌వాళ్లు అదే చోట ఎక్కువగా ‘షీ కాంట్ బీ ఎట్ హోమ్’ అంటారు. సినిమాలు, సిరీస్‌లు చూసి ఇంగ్లిష్ పట్టుకునే కుర్రాళ్లకి ఈ మస్ట్ నాట్ రోజూ చెవిన పడేదే, ‘ఎప్పుడూ’ అనే మాట తీసేసి ఒక లైను కలిపితే పోయేది.

మర్యాద సంగతి అసలు ముట్టుకోలేదు. పెద్దవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేటప్పుడు మొహం మీద ‘యూ మసెంట్’ అంటే కాస్త కటువుగా, పెద్దరికం చేస్తున్నట్టు ఉంటుంది. నోటీసు బోర్డులకి, మందుల డబ్బాలకి, రూల్స్ పుస్తకాలకి అది సరే. మాటల్లో అయితే ‘యూ కాంట్ పార్క్ హియర్’ అనో, ఇంకా మెత్తగా ‘యూ ఆర్ నాట్ సపోజ్డ్ టు పార్క్ హియర్’ అనో అంటారు. సలహా అయితే ‘యూ షుడెంట్ గో’ అనే బదులు ‘ఐ డోంట్ థింక్ యూ షుడ్ గో’, నాట్ ముందుకి జరిగేసరికి మాట మెత్తబడుతుంది. హ్యాడ్ బెటర్ నాట్ గురించి ఒక్క వాక్యం ఉంది, అందులో నాట్ బెటర్ తర్వాతే రావాలని చెప్పారు, సంతోషం, కానీ అందులో కొంచెం బెదిరింపు కూడా ఉంటుందని, చెయ్యకపోతే నీకే మంచిది అన్నట్టు వినిపిస్తుందని చెప్పలేదు. మేనేజర్‌కి మెయిల్‌లో ‘యూ హ్యాడ్ బెటర్ నాట్ డిలే’ అని రాసి చూడండి తెలుస్తుంది. అలాగే అక్కర్లేదు అనే మాటతో చురక వెయ్యడం, ‘యూ నీడెంట్ షౌట్’ అంటే అరవడం నీ ఇష్టం అని కాదు, అరుపులు ఆపు అని. మనం ‘అంత గట్టిగా అరవక్కర్లేదు’ అన్నట్టే, అచ్చం అదే టోన్.

ఆడియో బాగుంది. మసెంట్‌లో మధ్య టీ పలకరని, హ్యావ్ టు వేగంగా అన్నప్పుడు ‘హ్యాఫ్‌టు’ అని వినిపిస్తుందని విడిగా క్లిప్పులు పెట్టి వినిపించారు. మా వాడు మసెంట్‌ని మస్ట్‌నాట్ అని అక్షరం అక్షరం పలికేవాడు, క్లిప్పులతో బాగుపడ్డాడు.

ఇప్పుడు టెస్టులు. ఇక్కడే స్టార్లు పోయాయి. ఖాళీలు నింపే ప్రశ్న: ‘ఇట్స్ సండే. యూ డ్యాష్ గెట్ అప్ ఎర్లీ’. మా వాడు నీడెంట్ అని రాశాడు. ఎర్ర గుర్తు, తప్పు, కరెక్ట్ జవాబు డోంట్ హ్యావ్ టు అట. వీడియోలో రెండూ ఒకే పని చేస్తాయని వాళ్లే చెప్పి, టెస్టులో ఒకటి తప్పంటే ఎలా? డోంట్ నీడ్ టు కూడా తీసుకోలేదు. ఇంకా ఘోరం, డూ నాట్ హ్యావ్ టు అని విడదీసి రాసినా తప్పే, డోంట్ అని కలిపి రాస్తేనే పచ్చ గుర్తు. కీలో ఒక్క జవాబు పెట్టి, అక్షరాలు పోల్చి చూసుకుంటోంది అంతే, మనం ఏం రాశామో దానికి అర్థం కావట్లేదు.

ఇంకో రకం ప్రశ్న అన్యాయం. ‘యూ డ్యాష్ స్మోక్’ అని ఇచ్చి, షుడ్ నాట్, మస్ట్ నాట్‌లలో ఒకటి ఎంచుకోమంటుంది. ఎవరు ఎవరితో అంటున్నారు? డాక్టర్ సలహా ఇస్తున్నాడా, పెట్రోల్ బంకులో బోర్డా? ఆ సంగతి చెప్పకుండా ఏది కరెక్టో ఎవరు మాత్రం చెప్పగలరు? అదృష్టం మీద మార్కులు పడుతున్నాయి. ఇంటర్వ్యూ టెన్షన్‌లో ఉన్నవాడికి ఇలా మార్కులు పోతే వచ్చిన విషయం కూడా రాదనిపిస్తుంది. మా వాడు స్కోర్ చూసి డల్ అయిపోతే, స్క్రీన్ మీద కాగితం అడ్డం పెట్టి స్కోర్ కనపడకుండా చేయించాను.

ఒకే ఒక టెస్ట్ బాగుంది, దానికి మార్కులు కూడా ఉండవు. రెండు వాక్యాలు పక్కపక్కన ఇచ్చి, తేడా నీ మాటల్లో చెప్పు అంటుంది. ‘యూ మస్ట్ నాట్ టేక్ దీజ్ టాబ్లెట్స్ విత్ ఫుడ్’, ‘యూ డోంట్ హ్యావ్ టు టేక్ దీజ్ టాబ్లెట్స్ విత్ ఫుడ్’. మొదటిది చదివినవాడు మందుకీ అన్నానికీ మధ్య ఎడం పాటించాలి, రెండోది చదివినవాడు తిన్నాక వేసుకున్నా తినకుండా వేసుకున్నా పర్లేదు. మందుల చీటీ తప్పుగా చదివితే ఏమవుతుందో ఊహించుకోండి. ఇలాంటివి ఇంకా పెట్టాల్సింది, ఖాళీలు నింపడం తగ్గించి.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఒక పక్క మాట, యాప్‌లో లేదు కానీ పనికొస్తుంది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లకి ఈ గందరగోళం ఎంత ప్రమాదమో ముందే తెలుసు, అందుకే 1997లో స్కాట్ బ్రాడ్‌నర్ రాసిన ఆర్ఎఫ్‌సీ 2119 అనే పత్రంలో (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాలని ఆర్ఎఫ్‌సీ అంటారు) మస్ట్ నాట్ అంటే పూర్తి నిషేధం, షుడ్ నాట్ అంటే గట్టి కారణం ఉండి, పర్యవసానాలు బాగా ఆలోచించుకుంటే తప్ప చెయ్యొద్దు అని ఒక్కో మాటకీ అర్థం కట్టి పెట్టారు. అక్కర్లేదు అని చెప్పడానికి అందులో నీడ్ నాట్ లేదు, మే, ఆప్షనల్ అనే మాటలున్నాయి. 2017లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8174 ఇంకో ముడి వేసింది, ఆ మాటలు పెద్ద అక్షరాల్లో రాస్తేనే ఈ ప్రత్యేక అర్థం, చిన్న అక్షరాల్లో ఉంటే మామూలు ఇంగ్లిషే అని. స్పెక్ డాక్యుమెంట్లు రాసేవాళ్లు ఇది ఒకసారి చదివితే ఈ యూనిట్ సగం చదివినట్టే.

డౌట్లు అడిగే చాట్ ఉంది. మామూలు ప్రశ్నలకి రెడీమేడ్ జవాబులొస్తాయి, కాస్త మెలిక పెడితే టేబుల్ లింక్ మళ్లీ పంపిస్తారు. నిన్నటి నిషేధం ఎలా చెప్పాలి అని అడిగితే మొదట టేబులే వచ్చింది, మళ్లీ గట్టిగా అడిగితే అప్పుడు మనిషెవరో వచ్చి, వజ్ నాట్ అలౌడ్ టు వాడండి అని సరిగ్గానే చెప్పారు. ఓపికుంటే పని జరుగుతుంది.

ఎవరు తీసుకోవచ్చంటే, ఇంగ్లిష్ చదివితే అర్థమై, రాసేటప్పుడు తడబడేవాళ్లకి బాగుంటుంది. టేబుల్ వదిలేసి నేరుగా రెండో వీడియోకి వెళ్లండి, తర్వాత నీడ్ వీడియో చూడండి, ఆ పైన కావాలంటే టేబుల్ చూసుకోండి. మొదటి నుంచి నేర్చుకునేవాళ్లకి, ముఖ్యంగా ఒంటరిగా ఫోన్‌తో కుస్తీ పట్టేవాళ్లకి నేను చెప్పను, తప్పు కాని జవాబుని యాప్ తప్పంటే పక్కన చెప్పే మనిషి ఉండాలి.

టెస్ట్ కీ గురించి యాప్‌లోనే కంప్లయింట్ పెట్టాను, నీడెంట్‌ని, డూ నాట్ హ్యావ్ టుని కూడా తీసుకునేలా మార్చండి అని. చూస్తాం అని మెసేజ్ వచ్చింది, ఇది రాసేటప్పటికి ఇంకా మారలేదు. మారిస్తే ఇక్కడే ఎడిట్ చేసి ఇంకో స్టార్ కలుపుతా.